ఆ కథలో పెండ్లాం యాడుండాది?

పోయిన ఏడాది పరీక్షలకు ముందు ఒక మధ్యాహ్నం, కర్నూలులో నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోకి ఫైనలియర్ అమ్మాయి ఒకతె వచ్చి తన ఫోను నా ముందు పెట్టింది. ఆదోని పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. తెరమీద జపాను బొమ్మల కథ, ఇంగ్లీషు అనువాదంలో. స్కూలు యూనిఫారంలో ఇద్దరు అబ్బాయిలు. ఒకడు ఏడుస్తున్నాడు, ఇంకొకడు అతని చెంపమీద చెయ్యి వేసి ఉన్నాడు. నాలుగు పేజీలు జరిపేసరికి అది ఒట్టి స్నేహం కాదని అర్థమైంది. "ఇవి మగవాళ్ళు మగవాళ్ళ కోసం రాసుకునేవి కదమ్మా, నువ్వెందుకు చదువుతున్నావు?" అన్నాను. అనగానే నా గొంతులో నాకే హాస్టల్ వార్డెన్ వినిపించింది.

"కాదు మేడమ్. రాసేదీ ఆడోళ్ళే, చదివేదీ ఆడోళ్ళే" అంది.

"మరి ఇందులో అమ్మాయి ఏది?"

"లేదు మేడమ్. అందుకే బాగుంటాది."

ఆ 'అందుకే' నన్ను చాలా రోజులు వదల్లేదు. నా పిహెచ్.డి. 1960, 70లలో వారపత్రికల్లో ఆడవాళ్ళు రాసిన సీరియల్ నవలల మీద. ఆడవాళ్ళు రాసే, ఆడవాళ్ళు చదివే ప్రేమకథ అంటే దాని మధ్యలో ఒక అమ్మాయి ఉండి తీరుతుందన్నది నేను ఎన్నడూ ప్రశ్నించుకోని సంగతి. సిద్ధాంతవ్యాసం మూడువందల పేజీల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు. అమ్మాయి లేకపోవడమే అమ్మాయిలకు సుఖంగా ఉండే కథ ఎట్లా పుట్టింది? ఈ వ్యాసం దాని కోసం చేసిన వెతుకులాట.

జపానులో ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా బొమ్మల కథల పత్రికలు ఉన్నాయి. 1960ల దాకా వాటిలో గీసినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. తల్లికి దూరమై ఏడ్చే పిల్ల, జబ్బుపడిన పిల్ల, ఓర్చుకునే పిల్ల. ఓర్పుకు బహుమానం ఇచ్చే కథలు. ఆ పత్రికలు చదివి పెరిగిన అమ్మాయిలు కొందరు 1970 నాటికి ఇరవై ఏళ్ళవాళ్ళై తామే కుంచె పట్టారు. వీళ్ళలో చాలామంది 1949 ప్రాంతంలో పుట్టినవాళ్ళు. జపాను రాజుగారి లెక్కలో అది షోవా 24వ సంవత్సరం కాబట్టి విమర్శకులు వీళ్ళను '24వ ఏటి బృందం' అన్నారు. ఇద్దరి పేర్లు ముఖ్యంగా చెప్పుకోవాలి: హగియో మోతో, తకెమియా కెయికో. 1970 నుంచి 73 దాకా వీళ్ళిద్దరూ టోక్యో శివారులో ఓయిజుమి అనేచోట ఒక పాత అద్దె ఇంట్లో కలిసి ఉన్నారు. ఎదురింట్లో ఉండే మసుయామా నోరియె అనే స్నేహితురాలు వాళ్ళకు హెర్మన్ హెస్సే నవలలు చదివించింది. మగపిల్లల బడుల్లో జరిగే యూరప్ సినిమాల గురించి చెప్పింది. వచ్చిపోయే అమ్మాయిలు, రాత్రుళ్ళు తెల్లవార్లూ మాటలు, గడువు తరుముతుంటే ఒకరి పేజీలకు ఇంకొకరు సిరా పూయడం. ఇది చదువుతుంటే నాకు మన స్త్రీవాద రచయిత్రుల తొలినాళ్ళ సమావేశాల గురించి పెద్దవాళ్ళు చెప్పుకునే కబుర్లు గుర్తొచ్చాయి. అయితే ఆ ఇంటిని మరీ అందంగా ఊహించుకోకూడదు. ఆ సహవాసం తనను ఎంత గాయపరిచిందో, ఎందుకు విడిపోయిందో హగియో 2021లో, అంటే యాభై ఏళ్ళకు, ఒక పుస్తకంలో రాసింది. ఆడవాళ్ళ స్నేహాల్లో ఉండే పోటీని, అనుమానాన్ని దాచకుండా చెప్పిన పుస్తకం అది.

హగియో 1971లో 'నవంబరు జిమ్నేజియం' అనే చిన్న కథ గీసింది. ముందు దాన్ని ఆడపిల్లల బడిలో జరిగే కథగా అనుకుంది. గీసి చూస్తే ఊపిరాడలేదు. పాత్రలను అబ్బాయిలుగా మార్చేసరికి కథ కదిలింది. ఈ చిన్న సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అమ్మాయి ఒక మాట అంటే పాఠకురాలు వెంటనే తూకం వేస్తుంది: ఇట్లా అనొచ్చా, ఇంత గట్టిగానా, ఇది మంచిపిల్లేనా? రచయిత్రి కూడా గీస్తూ గీస్తూనే తూకం వేస్తుంది. అమ్మాయి శరీరం కాగితం మీదకు రాకముందే దాని మీద తీర్పు రాసి ఉంటుంది. అబ్బాయికి ఆ తీర్పు లేదు. అతను కోపగించుకోవచ్చు, ఒకరిని కోరుకోవచ్చు, కోరుకుని సిగ్గుపడకపోవచ్చు. హగియోకి కావలసింది మగవాళ్ళ రహస్యాలు కావు. తీర్పు అంటుకోని ఒక శరీరం.

తకెమియా దారి ఇంకా కష్టమైనది. ఆమె 'గాలీ చెట్ల పాట' అనే పెద్ద కథను 1970 ప్రాంతంలోనే ఊహించింది. పత్త్రిక అచ్చువేయడం మొదలుపెట్టింది 1976లో. కారణం మొదటి పేజీలే. కథ ఇద్దరు మగపిల్లలు పడకమీద ఉండగా మొదలవుతుంది, ఆ దృశ్యం తీసేయమన్నారు సంపాదకులు. ఆమె తీసేయనంది. ఒప్పించడానికి ముందు తన పేరు అమ్ముడుపోయే పేరు కావాలని, ఈజిప్టు రాజుల కథ ఒకటి రెండేళ్ళు గీసి పాఠకులను సంపాదించుకుంది. ఆ బలంతో వచ్చి తన మొదటి పేజీలను తను అచ్చువేయించుకుంది. వారం వారం వచ్చే ఆడపిల్లల పత్రికలో!

పాతకాలపు ఫ్రాన్సులో ఒక మగపిల్లల బడి. జిల్బేర్ అనే పిల్లవాడు, సెర్జ్ అనే పిల్లవాడు. జిల్బేర్‌ను చిన్నప్పటినుంచి సొంత మనిషే లైంగికంగా వాడుకున్నాడు. ప్రేమంటే అదేనని నమ్మించి పెంచాడు. పినతండ్రిగా చెలామణి అయ్యే ఆ మనిషి నిజానికి కన్నతండ్రి. అత్యాచారం, దాని తర్వాత మనసుకు ఏమవుతుంది, తన శరీరాన్ని తానే అసహ్యించుకున్న పిల్లవాడు ప్రేమను ఎట్లా అందుకుంటాడు, ఎందుకు అందుకోలేడు. 1974లో హగియో గీసిన 'థోమస్ హృదయం'లో కూడా యూలీ అనే కుర్రవాడి ఒంటిమీద పైతరగతి వాళ్ళు చేసిన గాయం మచ్చ ఉంటుంది. అది కనబడకుండా చొక్కా గుండీ ఎప్పుడూ గొంతుదాకా పెట్టుకుని ఉంటాడు.

ఇది ఎవరి అనుభవం? పైటను మెడదాకా లాక్కునే పిల్ల ఎవరో మనకు తెలియదా? ఇంట్లో మనిషే చెయ్యి వేస్తే చెప్పుకోలేని పిల్ల ఎవరో తెలియదా? ఆ కథల్లో ఉన్నది అబ్బాయిల దుస్తుల్లో ఉన్న ఆడపిల్లల భయం. అదే కథ అమ్మాయి మీద జరిగినట్టు గీస్తే ఒక పద్నాలుగేళ్ళ పాఠకురాలు పుస్తకం మూసేస్తుంది, లేదా బొమ్మలో తనను తాను చూసుకుని వణికిపోతుంది. అబ్బాయి మీద జరిగితే కొంచెం దూరంగా నిలబడి చూడగలదు. ఫుజిమోతో యుకారి అనే విమర్శకురాలు 1998లో తెచ్చిన పుస్తకంలో దాదాపు ఇదే అంది. అబ్బాయిల శరీరాలు ఆడపిల్లలకు చూసేవాళ్ళ స్థానాన్ని ఇచ్చాయి, ఎప్పుడూ చూడబడే స్థానం నుంచి కాసేపు సెలవు దొరికింది అని. చదువుతూ నేను 'అందుకే బాగుంటాది' అన్న నా విద్యార్థినిని తలుచుకున్నాను.

వీళ్ళకు ముందు ఎవరూ లేరా అంటే, ఉన్నారు. మోరి మారి అని, మోరి ఓగాయి అనే మహారచయిత కూతురు. రెండు పెళ్ళిళ్ళు చేసుకుని రెండింటినుంచీ బయటపడిన మనిషి. 1961లో, దాదాపు అరవైకి దగ్గరపడిన వయసులో, 'ప్రేమికుల అడవి' రాసింది. అందులో ఒక పెద్దవాడు, ఒక అందమైన కుర్రవాడు. అంతకన్నా ముందు తకరజుకా ఉంది. ఒసాకా దగ్గర ఆ ఊరికి రైలు వేసిన కొబయాషి ఇచిజో, రైలెక్కి జనం రావాలని అమ్మాయిలతో పాటకచేరీ పెట్టించాడు. 1914లో మొదటి ప్రదర్శన. అన్ని పాత్రలూ ఆడవాళ్ళే వేస్తారు, మగపాత్రలు కూడా. బొమ్మల కథలకు ఆద్యుడనిపించుకున్న తెజుకా ఒసాము ఆ ఊళ్ళోనే పెరిగాడు. యువరాజులాగా కత్తి పట్టే యువరాణి కథను 1953లో ఆయన ఆడపిల్లల పత్రికకు గీశాడంటే అది ఆ రంగస్థలం మీద చూసిందే.

నా విద్యార్థిని ఇక్కడ నాకంటే ముందుంది. "మన ఆర్.ఆర్.ఆర్. కూడా ఆడినారు మేడమ్ వాళ్ళు" అంది. నమ్మలేదు. నిజమే. 2022లో వచ్చిన ఆ తెలుగు సినిమా జపానులో విరగబడి ఆడింది. 2024 జనవరిలో తకరజుకా వాళ్ళు దాన్ని సంగీతనాటకంగా వేశారు. కొమురం భీమ్ ఒక స్త్రీ, అల్లూరి సీతారామరాజు ఒక స్త్రీ. చరిత్రలో ఎన్నడూ కలుసుకోని ఇద్దరు వీరులు సినిమాలో ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి యుద్ధం చేశారు. ఆ స్నేహాన్ని ప్రేమకథగా చదువుకుని బొమ్మలు వేసినవాళ్ళు, కథలు అల్లినవాళ్ళు ఎందరో. మన దగ్గర మీసాలు మెలేసి చూసిన సినిమాను అక్కడ ఆడవాళ్ళు మీసాలు దిద్దుకుని తమదిగా చేసుకున్నారు. చూసి నాకు గట్టిగా నవ్వొచ్చింది, ఆనందంతో.

కానీ తకరజుకాలో ఒక నియమం ఉంది. అందులో ఆడేవాళ్ళకు పెళ్ళి కాకూడదు. పెళ్ళి చేసుకుంటే కంపెనీ వదిలేయాలి. రంగస్థలం మీద మగవాడిగా ఉండే స్వేచ్ఛ భార్య అయ్యేవరకే. ఇది చదివినప్పుడు మా కడప జిల్లా సురభి గుర్తొచ్చింది. 1885లో ఒక పెళ్ళి సందర్భంగా ఆ పల్లెలో తోలుబొమ్మలాట కుటుంబాలవాళ్ళు తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. తెలుగు నాటకంలో ఆడవేషాలు మగవాళ్ళే వేస్తున్న రోజుల్లో సురభివాళ్ళు తమ ఆడవాళ్ళనే రంగస్థలం ఎక్కించారు. కుటుంబమే కంపెనీ కాబట్టి అక్కడ కూతురూ, కోడలూ, చంటిపిల్ల తల్లీ అందరూ నటులే. ఆ ఆడవాళ్ళు మగవేషాలూ కట్టారు. తెలుగు తొలి టాకీలో లీలావతిగా కనిపించిన కమలాబాయి ఆ కుటుంబాల మనిషే. అక్కడ పెళ్ళి రంగస్థలానికి అడ్డు కాలేదు. అయితే ఆ కుటుంబం నీడ దాటి ఆ స్త్రీలు సొంతంగా ఏ కథ చెప్పగలిగారు అని అడిగితే, ఆడినవి కీచకవధలూ, ప్రహ్లాదచరిత్రలే. ఒకచోట వేషం ఉంది, ఇల్లు లేదు. ఇంకోచోట ఇల్లూ వేషమూ ఉన్నాయి, సొంత కథ లేదు.

సొంత కథ మన దగ్గర వారపత్రికల్లో మొదలైంది. మా జేజి ప్రొద్దుటూరులో సీరియల్ పేజీలు చించి, దబ్బనంతో కుట్టి, పాత కేలండర్ అట్ట వేసి దాచేది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని నేను మొదట చదివింది ఆ కుట్టులోనే. నా పరిశోధన నిజానికి ఆ దబ్బనంతో మొదలైంది. జపాను అమ్మాయిలు అబ్బాయిల శరీరాల్లోకి వెళ్ళిన కాలంలోనే మన రచయిత్రులు ఆత్మాభిమానం గల జయంతిని, ఆమె ముందు తల వంచే రాజశేఖరాన్ని తయారుచేశారు. ఆ నవలల ఊపు ఎంతదంటే మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఈ తలకిందుల సంగతి జపాను వాళ్ళకు చెబితే ఎంత నవ్వుకుంటారో! మన జయంతి కోపగించుకుంది, ఉద్యోగం చేసింది, మాటకు మాట చెప్పింది, చివరికి పెళ్ళి చేసుకుంది. పెళ్ళి తర్వాత ఏమైందో నవల చెప్పదు. అది చెప్పడానికి మనం 80ల దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు వచ్చిన కవయిత్రులు ఎవరి శరీరంలోకీ వెళ్ళలేదు. తమ శరీరంతోనే, 'నేను' అనే మాటతోనే రాశారు. జయప్రభ పైట గురించి రాసింది. ఫలితం మీకందరికీ తెలుసు, నీలికవిత్వం అని పేరు పెట్టారు. అబ్బాయి వేషం వేసుకుని చెప్పి ఉంటే ఆ తిట్లు తప్పేవేమో. తప్పించుకోనందుకే ఆ కవిత్వం మనకు మిగిలింది అని కూడా నేను అనుకుంటాను. ఈ రెండింటిలో ఏది గొప్పదో చెప్పమంటే నేను చెప్పలేను. చెప్పాలనీ లేదు.

ఇంతవరకు రాసి, చాలా తృప్తిగా, ప్రొద్దుటూరులో నా చిన్ననాటి స్నేహితురాలికి ఫోనులో చెప్పాను. ఆమె బట్టల దుకాణం నడుపుతుంది. పెళ్ళైన నాలుగేళ్ళకు పుట్టింటికి వచ్చేసింది. ఆమె భర్తకు ఆడవాళ్ళ మీద మనసు లేదు. ఒక స్నేహితుడు ఉన్నాడు, పెళ్ళికి ముందునుంచీ ఉన్నాడు. అత్తగారింట్లో ఆ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు. నాలుగేళ్ళు లోపం తనదేనని ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. నేను ఉత్సాహంగా హగియో గురించి, తకెమియా గురించి, తీర్పు అంటుకోని శరీరం గురించి చెప్పుకుంటూ పోతే అంతా విని ఒక్క మాట అడిగింది.

"అది సరే మే. ఆ ఇద్దరు మొగోళ్ళల్లో ఒకనికి పెండ్లయి ఉంటాది గదా. ఆ కథలో పెండ్లాం యాడుండాది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఈ కథలను మళ్ళీ ఆమె కళ్ళతో తిరగేశాను. ఎక్కువ కథలు బడుల్లో జరుగుతాయి, అంటే పెళ్ళి వయసు రాకముందే ముగుస్తాయి. పాత్రలు పెద్దవాళ్ళైతే, భార్యో కాబోయే భార్యో ఉంటే ఆమె అడ్డు. కుట్రలు చేసేది, ఏడ్చేది, లేదా రెండో పేజీలో మర్యాదగా తప్పుకునేది. 1975 డిసెంబరులో టోక్యోలో పాఠకులే గీసిన బొమ్మల పుస్తకాల సంత మొదటిసారి జరిగింది. ముప్పైరెండు బృందాలు, ఏడువందలమంది జనం, ఎక్కువమంది బడిపిల్లలైన ఆడపిల్లలే. అక్కడ పెరిగిన ఈ రచనలకు 70ల చివర వాళ్ళే ఒక వేళాకోళపు పేరు పెట్టుకున్నారు, 'యావొయి' అని. పతాక సన్నివేశం లేదు, కొసమెరుపు లేదు, అర్థం లేదు అని ఆ మాటకు అర్థం. భార్య కూడా లేదు అని నా స్నేహితురాలు కలిపింది, అంతే.

ఇంకొకరు కూడా లేరు ఆ కథల్లో. 1992లో సాతో మసాకి అనే ఆయన, మగవాళ్ళను ప్రేమించే మగవాడు, ఒక చిన్న స్త్రీవాద పత్రికకు కోపంగా లేఖ రాశాడు. మీ సుఖం కోసం మా బతుకులను బొమ్మలు చేసుకుంటున్నారు, మమ్మల్ని చూసేటప్పుడు మీ చూపు మగవాళ్ళు ఆడవాళ్ళను చూసే చూపులాంటిదే అన్నది ఆయన ఆరోపణ. దాని మీద ఆ పత్రికలో ఏళ్ళ తరబడి వాదన నడిచింది. కొందరు రచయిత్రులు ఆ మాటను మనసుకు తీసుకున్నారు, కొందరు మా కల్పన మాది అన్నారు. నేను ఆయన లేఖను నా స్నేహితురాలి ప్రశ్న పక్కన పెట్టి చూస్తాను. ఆమె భర్త గురించి ఆమే అంటుంది, "ఆయప్ప చెడ్డోడు గాదు మే, భయస్తుడు" అని. 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు సడలించింది 2018 సెప్టెంబరులో. వాళ్ళ పెళ్ళి దానికి ముందే అయింది. కోర్టు తీర్పు ముందు వచ్చినా ఆ ఇంట్లో పెళ్ళి ఆగేదని నేననుకోను. మా పక్క భయం చట్టం నుంచి రాదు, పెద్దనాయన నుంచీ, మేనమామ నుంచీ వస్తుంది.

ఆదోని మండలంలో సంతెకుడ్లూరు అనే ఊళ్ళో హోలీకి మగవాళ్ళు చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని రతీమన్మథులకు మొక్కు చెల్లిస్తారు. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్తులు కూడా. నా విద్యార్థిని చిన్నప్పటినుంచీ చూస్తున్నదే అది. ఎవరూ నవ్వరు. మగవాడు ఆడదానిలా ఉండటానికి దేవుడి పేరు మీద రెండు రోజుల అనుమతి ఉంది. మూడో రోజు ప్యాంటు వేసుకుని ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర పెండ్లాం ఉంటుంది. ఈ కథను ఆమె వైపు నుంచి ఎవరైనా రాశారా అని వెతుకుతున్నాను. బడి గోడల వెనక ఆ ఇద్దరు అబ్బాయిల ప్రేమను అంత సున్నితంగా గీసిన చెయ్యి, ఆ ఇంటి గడపలో నిలబడిన మనిషిని కూడా గీయగలదు. అక్కడ అబ్బాయి శరీరం ఏ రచయిత్రినీ కాపాడదు. ఆమె స్వయంగా ఆ గడపలోకి రావలసి ఉంటుంది.

నా విద్యార్థినికి ఈ ప్రశ్న చెప్పాను. కాసేపు ఆలోచించి, "పెండ్లాం ఉంటే నేను చదవను మేడమ్, ఇంట్లో చూస్తానే ఉంటా కదా" అంది. అదీ న్యాయమే.

మొన్న ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు 'థోమస్ హృదయం' ఇంగ్లీషు అనువాదం తీసుకెళ్ళాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ, దుకాణంలో పరుపుమీద కూర్చుని నేను చదివి తెలుగులో చెబుతుంటే ఆమె బొమ్మలు చూస్తూ వింది. థోమస్ మొదటి పేజీల్లోనే వంతెన మీదనుంచి పడి చనిపోతాడు. ప్రేమించిన అబ్బాయికి ఉత్తరం రాసిపెట్టి మరీ చనిపోతాడు. ఆ తర్వాత అచ్చం వాడిలాగే ఉండే ఇంకో కుర్రవాడు బడిలో చేరతాడు. థోమస్ తల్లిదండ్రులు వాణ్ణి చూసి, మా ఇంటికి వచ్చి మా కొడుకుగా ఉండమని అడుగుతారు. అక్కడ ఆపమంది. పేజీ తన వైపు తిప్పుకుని ఆ తల్లి ముఖం ఉన్న బొమ్మ చాలాసేపు చూసింది.

"ఈయమ్మకి తెలుసునా మే, కొడుకు ఎవరికోసరం సచ్చిపోయినాడో?"

ఇంకా సగం పుస్తకం ఉంది. ఈలోగా బేరం వచ్చింది, లేచింది.